ఎనిమిది నెలల్లో ఏడోసారి జలుబు, జ్వరం. మా బాబులో ఏమైనా లోపం ఉందా?

నాగావళి_అమ్మ
మా బాబుకి 2 ఏళ్ల 8 నెలలు. శ్రీకాకుళం టౌన్‌లో ఉంటాం. జూన్‌లో ప్లేస్కూల్లో వేశాం. అప్పటి నుంచి ఇది ఏడోసారి. ముందు ముక్కు కారుతుంది, రెండో రోజు రాత్రి జ్వరం, ఆ తర్వాత దగ్గు. దగ్గు తగ్గింది కదా అనుకునేలోపు మళ్లీ ముక్కు. ఐదుసార్లు యాంటీబయాటిక్ వాడాం. పోయినసారి అది మొదలుపెట్టిన మూడో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. సంక్రాంతికి పుట్టింటికి కూడా వెళ్లలేకపోయాను.

మా ఆయనకి పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ. రాత్రి జ్వరం వస్తే ఇంట్లో నేనూ మా అత్తయ్యగారే. ఆవిడ పెరుగు మానిపించమంటారు, అరటిపండు వద్దంటారు, దిష్టి తీస్తారు. పక్కింటావిడ ఏదో ఇమ్యూనిటీ టానిక్ పేరు చెప్పింది. ఒక్కొక్కరిది ఒక్కో మాట. బాబు బరువు 12 కిలోలు, నాలుగు నెలలుగా అక్కడే ఆగిపోయింది. అన్నం ముట్టడు, పాలు మాత్రం తాగుతాడు.

అసలు వీడిలో రోగనిరోధక శక్తి లేదా? రక్తపరీక్షలు చేయించాలా? స్కూల్ మానిపించేయాలా? రాత్రుళ్లు వాడి గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను. టెన్షన్‌తో నిద్ర ఉండడం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

రాజాం_రమణ
మా పాపకి పోయినేడు అచ్చం ఇదే. జూన్‌లో బడి, జులైలో జలుబు. మా పిల్లల డాక్టర్ ఒకటే మాట చెప్పారు: ఆరేళ్లలోపు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే, కొత్తగా బడికి వెళ్లేవాళ్లకి ఇంకా ఎక్కువసార్లు కూడా వస్తుంది. జలుబు చేసే వైరస్‌లు వందల్లో ఉంటాయట. ఒకదానికి శరీరం అలవాటు పడేసరికి ఇంకోటి వస్తుంది. రెండో ఏడాదికి మా పాపకి సగానికి సగం తగ్గింది.

ఆమదాలవలస_కుర్రాడు
మా అన్న కొడుకు ముక్కు వానాకాలం నాగావళే. ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. వాడు మాత్రం వీధంతా పరిగెడుతుంటాడు.

బొబ్బిలి_మామ్మ
ముగ్గురు పిల్లల్ని, ఐదుగురు మనవల్ని పెంచిన దాన్ని. మా రోజుల్లో రెండేళ్ల గుంటడిని బడికి పంపేవాళ్లం కాదు. చెరువు గట్టున మట్టిలో ఆడేవారు. అన్ని మందులూ ఎరగరు. తులసి ఆకు రసం, కాస్త మిరియం, గోరువెచ్చని నీళ్లలో తేనె, రాత్రి ఛాతీకి గోరువెచ్చని ఆముదం. పెరుగు పెట్టకు తల్లీ, ఈ చలిలో కఫం చేస్తుంది.

నాగావళి_అమ్మ
మామ్మగారూ, పెరుగు మానేసి రెండు నెలలైంది. అయినా తగ్గలేదు. వాడికి పెరుగన్నం అంటే ప్రాణం, ఇప్పుడు ఆ నాలుగు ముద్దలు కూడా పోయాయి.

పార్వతీపురం_సిస్టర్
ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద పనిచేయదు. జలుబు దానంతటది వారం పది రోజుల్లో పోతుంది, దగ్గు రెండు మూడు వారాలు లాగినా లాగుతుంది. చీమిడి పచ్చగా మారింది కదా, ఇన్ఫెక్షన్ పెరిగిందని చాలామంది పరిగెత్తుకొస్తారు. జలుబులో నాలుగైదు రోజులకి చీమిడి చిక్కబడి రంగు మారడం సహజం. రంగు ఒక్కటే చూసి యాంటీబయాటిక్ వేయకూడదు. మీ బాబుకి విరేచనాలు ఆ మందు వల్లే అయి ఉండొచ్చు. కడుపులో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని కూడా అది చంపేస్తుంది.

మరి దేనికి భయపడాలి? ఊపిరికి. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట పైకి లేచి దిగడాన్ని ఒక నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లలకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ అంకె, లేదా అంతకంటే ఎక్కువ వస్తే న్యుమోనియా ఏమో అని అనుమానించాలి, ఆ రోజే చూపించాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు, పిల్లల ఊపిరి ఒకేలా ఉండదు. జ్వరం 102, 103 ఉన్నప్పుడు ఊపిరి ఎలాగూ వేగంగానే ఉంటుంది, జ్వరం దిగాక ఇంకోసారి చూడండి.

డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఏమీ తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా రేపటి దాకా ఆగొద్దు. 108కి చేయండి. మూడు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే ఇవేవీ లేకపోయినా ఆసుపత్రికే.

జ్వరం దిగినప్పుడు బాబు లేచి ఆడుతున్నాడా, నీళ్లు తాగుతున్నాడా, ఒంటేలు పోస్తున్నాడా? అవునంటే మీకు టైమ్ ఉంది.

చీపురుపల్లి_శీను
సిస్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా పాపకి 14 నెలలప్పుడు ఇలాగే "వైరల్, దానంతటదే పోతుంది" అని బంధువులొకరు చెప్తే మూడు రోజులు ఆగాం. నాలుగో రోజు తెల్లవారుజామున డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. విజయనగరం తీసుకెళ్లేసరికి ఆక్సిజన్ పెట్టారు. ఆరు రోజులు. మా ఆవిడ ఆ ఆరు రోజులూ మంచం పక్కన నేల మీదే పడుకుంది. ఆగండి, ఆగండి అని ఇలాంటి చోట రాస్తే చదివినవాళ్లు నిజంగానే ఆగిపోతారు. ముందే యాంటీబయాటిక్ వేసి ఉంటే మాకు ఆ గతి పట్టేది కాదు.

పార్వతీపురం_సిస్టర్
శీను గారూ, మీరు పడింది చిన్న బాధ కాదు. ఒక్క మాట వినండి. నేను ఆగమనడం లేదు, చూడమంటున్నాను. మూడో రోజు రాత్రి ఎవరైనా పాప పొట్ట చూసి లెక్కపెట్టి ఉంటే అప్పటికే నలభై దాటి వచ్చి ఉండేదేమో. డొక్కలు ఎగరేయడానికి ముందే ఊపిరి వేగం పెరుగుతుంది, అందుకే ఆ లెక్క. ఇక న్యుమోనియా అని తేలితే యాంటీబయాటిక్ ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు, అందులో మీరన్నదే నిజం. ప్రతి జలుబుకీ వేస్తూ పోతే మాత్రం నిజంగా కావాల్సిన రోజున ఆ మందుకి సూక్ష్మజీవి లొంగకపోవచ్చు.

చీపురుపల్లి_శీను
లెక్కపెట్టాలని మాకెవరూ చెప్పలేదు సిస్టర్. అదే నా బాధ.

సోంపేట_నాన్న
ఇప్పుడే మా వాడిది లెక్కపెట్టాను. రెండున్నరేళ్లు, 28 వచ్చింది. నిద్ర లేచి నా మొహం చూసి నవ్వాడు.

టెక్కలి_టీచరమ్మ
బడి వైపు నుంచి చెప్తాను. ఒక పిల్లకి జలుబు చేస్తే శుక్రవారానికి తరగతిలో ఎనిమిది మంది తుమ్ముతుంటారు. ఒకే గ్లాసు, ఒకే పలక గుడ్డ, ముక్కు తుడిచిన చేత్తోనే ఆట. జ్వరం మందు పోసి, కాస్త దిగగానే బడిలో దింపి డ్యూటీకి వెళ్లిపోయే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, కూలి పోతుంది. కానీ పదకొండు గంటలకల్లా పిల్ల బెంచీ మీద వాలిపోతుంది. ఆ మొహం చూస్తే నాకు ఇంక పాఠం చెప్పబుద్ధి కాదు. జ్వరం మందు లేకుండా ఒక రోజు గడిచాకే పంపండి, దయచేసి.

మా బడిలో భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం మొదలుపెట్టాం. జలుబులేమో గానీ కడుపునొప్పి సెలవులు బాగా తగ్గాయి.

పలాస_జీడితోట
దగ్గు అనగానే జలుబే అనుకోకండి. మాది చెప్తాను.

మా అబ్బాయికి అప్పటికి రెండేళ్లు. దగ్గు మూడు వారాలు. జ్వరం లేదు, ముక్కు కారడం లేదు. మూడు రకాల సిరప్‌లు మార్చారు, నెబులైజర్ పెట్టించాం. ఛాతీలో పిల్లికూతలు, అదీ కుడి వైపు మాత్రమే. చివరికి ఒక పెద్దాయన స్టెత్ పెట్టి విని, "బాబు దగ్గడం ఏ రోజు మొదలైంది, ఆ రోజు ఏం తిన్నాడు?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో జీడిపప్పు గ్రేడింగ్ చేస్తున్నాం, వాడు గుప్పెడు నోట్లో వేసుకుని పరిగెడుతూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. వీపు తట్టాం, సర్దుకుంది, మర్చిపోయాం. విశాఖలో మత్తు ఇచ్చి, గొట్టం వేసి ఊపిరితిత్తి లోపల్నుంచి బద్ద ముక్క తీశారు. ఆ రాత్రికే దగ్గు ఆగింది.

మా ఊళ్లో ప్రతి ఇంట్లో జీడిపప్పు, వేరుశెనగ గుళ్లు ఉంటాయి. నాలుగైదేళ్లు నిండే దాకా గింజలు గింజల్లా ఇవ్వకండి. పొడి చేసి పెట్టండి, ముద్దగా నూరి పెట్టండి. నడుస్తూ, నవ్వుతూ, పడుకుని తిననివ్వకండి.

నాగావళి_అమ్మ
చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా. మా ఇంట్లో గ్రైండ్ చేయకుండానే ఇస్తాను. ఈ రోజు నుంచి ఆపేస్తున్నా.

పార్వతీపురం_సిస్టర్
పలాస అన్న చెప్పింది బంగారం. ఉన్నట్టుండి మొదలైన దగ్గు, ఒక వైపే పిల్లికూతలు. ఈ రెండూ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఆమదాలవలస_మందులషాపు
రోజూ సాయంత్రం కౌంటర్ దగ్గర వినే మాట: "రెండేళ్ల పిల్లాడికి మంచి దగ్గు మందు ఇవ్వండి." చీటీ ఉండదు. ఇవ్వనంటే పక్క షాపుకి వెళ్తారు. అయినా నేను ఇవ్వను.

2023 డిసెంబర్‌లోనే కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసి ఉన్న జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలి. మీ ఇంట్లో సీసా తిప్పి చూడండి. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసి పిల్లలు కిడ్నీలు దెబ్బతిని పోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు అన్నం సహించలేదు, మా షాపులో అలాంటివి ఎన్ని అమ్మి ఉంటామో కదా అని. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టంగా చెప్పింది: రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్ల లోపు మామూలుగా సిఫారసు చేయం.

ఏడాది దాటిన పిల్లలకి అర చెంచా తేనె, గోరువెచ్చని నీళ్లు. ముక్కు బిగిస్తే ఉప్పునీటి చుక్కలు. చిన్న సీసా, ఖరీదు కూడా పెద్దగా ఉండదు.

బొబ్బిలి_మామ్మ
చూశారా, తేనె, గోరువెచ్చని నీళ్లు. నేను చెప్పిందీ అదే కదా బాబూ.

ఆమదాలవలస_మందులషాపు
అవును మామ్మగారూ, ఆ మాటలో మీరే గెలిచారు. ఏడాది లోపు పసివాళ్లకి మాత్రం తేనె చుక్క కూడా నాకించొద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వాళ్ల కడుపులో విషం తయారుచేస్తుంది. ఆముదం ఛాతీకి రాసుకోండి, ముక్కులో మాత్రం నూనె చుక్కలు వేయకండి. ఊపిరితిత్తుల్లోకి దిగితే అది వేరే న్యుమోనియా.

బొబ్బిలి_మామ్మ
ముక్కులో నూనె మేం వేసేవాళ్లమే. ఇక వేయను.

రాజాం_రమణ
జ్వరం మందు సీసాల సంగతి కూడా రాయండి అన్నా. మా అమ్మ ఒకసారి డ్రాప్స్ సీసాలోంచి చెంచాతో పోసేసింది. చెంచా నిండా. నేను చూసి పాప నోటి దగ్గర ఆపాను.

ఆమదాలవలస_మందులషాపు
ఇది అందరూ రాసి పెట్టుకోవాలి. పారాసెటమాల్ ఒకటే పేరు, లోపల బలం వేరు. డ్రాప్స్‌లో మామూలుగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 ఒక రకం, 250 ఇంకో రకం. అంటే డ్రాప్స్ చెంచాతో 5 మి.లీ. పోస్తే 500, అది పెద్దవాళ్ల మాత్ర.

డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 15 మి.గ్రా. ఈ బాబు 12 కిలోలు కాబట్టి ఒకసారికి 180. 125 సీసా అయితే 7 మి.లీ., 250 సీసా అయితే మూడున్నర. మధ్యలో కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకి నాలుగుసార్లకి మించొద్దు. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చే మూత లేదా సిరంజి వాడండి.

గరివిడి_గోపి
జ్వరం అంటే నాకు ఒకే రాత్రి గుర్తొస్తుంది. మా బాబుకి ఏడాదిన్నర. సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది, గంటలో కళ్లు తేలేసి, చేతులు కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. మా వీధి వీధంతా ఇంట్లోకి వచ్చింది. ఒకరు చేతిలో తాళాలు పెట్టమంటారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు, మా పెదనాన్న పళ్ల మధ్య చెంచా పెట్టబోయాడు. ఇంకొకరు పొద్దున్నే వాతలు పెట్టించమన్నారు. నా కాళ్లు వణికిపోతున్నాయి. రెండు నిమిషాల్లో ఆగిపోయింది, నాకైతే రెండు గంటలనిపించింది.

తర్వాత డాక్టర్ చెప్పింది ఏమిటంటే, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరం ఎక్కేటప్పుడు ఇలా వస్తుంది. మామూలుగా ఐదు నిమిషాల లోపే ఆగుతుంది, మెదడు దెబ్బతినదు. పిల్లాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి, నోట్లో వేలు, చెంచా, నీళ్లు ఏవీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే ఆసుపత్రిలో చూపించాలి. మా వాడికి ఇప్పుడు ఆరేళ్లు. ఇంకోసారి రాలేదు.

సాలూరు_సుజాత
వాతలు ఇంకా పెడుతున్నారు. మా వైపు కామెర్లకీ, ఫిట్స్‌కీ పసివాళ్ల పొట్ట మీద కాల్చిన గుర్తులు కళ్లారా చూశాను. ఎవరైనా ఆ మాట అంటే గట్టిగా అడ్డుపడండి. పెద్దవాళ్లని నొప్పించామేమో అని ఊరుకోవద్దు.

నెల్లిమర్ల_లక్ష్మి
మీ పోస్టులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను అప్పా. "అన్నం ముట్టడు, పాలు మాత్రం తాగుతాడు." రోజుకి ఎన్ని గ్లాసులు?

నాగావళి_అమ్మ
పొద్దున ఒకటి, పదకొండుకి ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి బాటిల్‌తో ఇంకో రెండు. అన్నం తినడం లేదు కదా, పాలైనా వెళ్తున్నాయని నేనూ అడ్డు చెప్పలేదు. తప్పా?

నెల్లిమర్ల_లక్ష్మి
తప్పు కాదు, మేమూ అదే చేశాం. మా పాపకి మూడేళ్లప్పుడు గోడ సున్నం గీరి తినేది, సుద్దముక్కలు దాచుకునేది. ఎప్పుడూ నీరసం, ఊరికే జబ్బు పడేది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. ఐదేళ్ల లోపు పిల్లలకి 11 ఉండాలి. పాలల్లో ఇనుము చాలా తక్కువ, పైగా పాలతో కడుపు నిండితే అన్నం, పప్పు, ఆకుకూర తినే చోటుండదు. రోజుకి అర లీటరు దాటొద్దన్నారు. బాటిల్ మానిపించమన్నారు, ఐరన్ సిరప్ మూడు నెలలు వాడాం. సున్నం తినడం రెండు వారాల్లోనే మానేసింది.

పార్వతీపురం_సిస్టర్
లక్ష్మి సరిగ్గా పట్టుకుంది. నేను చూసీ చూడనట్టు దాటేశాను. నాలుగు నెలలుగా బరువు ఆగడం, ఐదు పూటలా పాలు. రక్తహీనత ఉందేమో చూపించండి. రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి దాదాపు రెండు కిలోలు పెరగాలి.

టెక్కలి_టీచరమ్మ
నులిపురుగుల మాత్ర కూడా గుర్తు చేస్తున్నాను. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు సగం మాత్ర, రెండేళ్లు దాటితే 400 మి.గ్రా. మాత్ర మొత్తం. చిన్నపిల్లలకి నలిపి నీళ్లలో కలిపి ఇవ్వాలి. వచ్చే నెలే ఉంది. జ్వరంగా ఉంటే ఆ రోజు వేయించకుండా తగ్గాక మళ్లీ ఇచ్చే రోజున వేయించండి.

సాలూరు_సుజాత
విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా బాబుకి పోయిన వానాకాలం వాంతులు, విరేచనాలు. నేను షాపులో రంగు డబ్బా ఒకటి కొన్నాను, మీద ఓఆర్ఎస్ అనే రాసి ఉంది. తాగేకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. సాయంత్రానికి కళ్లు పీక్కుపోయాయి, ఏడిస్తే కన్నీళ్లు లేవు. ఆశా కార్యకర్త వచ్చి ఆ డబ్బా చూసి, ఇది తీపి పానీయం, ఓఆర్ఎస్ కాదు అంది. చక్కెర ఎక్కువైతే నీటిని పేగుల్లోకి లాగేస్తుందట.

2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఓఆర్ఎస్ అనే పేరు అలాంటి డబ్బాల మీద వాడకూడదని ఆదేశించింది. అయినా పాత సరుకు ఎక్కడైనా ఉండొచ్చు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా, లీటరుకి 20.5 గ్రాముల పొడి ఉందా చూడండి. లీటరు నీళ్లకి మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, సగం ప్యాకెట్ అంచనాగా కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెంగా. తోడుగా జింక్, 14 రోజులు. నాలుగో రోజుకే తగ్గిందని ఆపేయొద్దు.

బొబ్బిలి_మామ్మ
పళ్లు వచ్చేటప్పుడు విరేచనాలు అవుతాయి కదా, వాటికి కూడానా?

పార్వతీపురం_సిస్టర్
పళ్లు వచ్చినంత మాత్రాన నీళ్ల విరేచనాలు కావు మామ్మగారూ. ఆ వయసులో పిల్లలు కింద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, దాని వల్ల వస్తాయి. కారణం ఏదైనా పోయిన నీరు తిరిగి ఎక్కించాలి. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. పెరుగన్నం కూడా ఆపొద్దు.

నాగావళి_అమ్మ
చివరి వాక్యం మా అత్తయ్యగారికి చదివి వినిపించాను.

ఆమదాలవలస_కుర్రాడు
ఇంతకీ ఆవిడేమన్నారు?

నాగావళి_అమ్మ
"మధ్యాహ్నం పూటైతే సరే" అన్నారు. రెండు నెలల తర్వాత ఈ రోజు వాడు పెరుగన్నం తిన్నాడు. గిన్నె నాకేశాడు.

గరివిడి_గోపి
ఇంట్లో పొగ ఏమైనా ఉందా? దోమల కాయిల్, సాంబ్రాణి?

నాగావళి_అమ్మ
కాయిల్ రాత్రంతా ఉంటుంది. పైగా మా అత్తయ్యగారి అమ్మగారు కూడా మాతోనే ఉంటారు. ఆవిడకి అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) అలవాటు. బాబు ఎప్పుడూ ఆవిడ ఒళ్లోనే ఉంటాడు.

పార్వతీపురం_సిస్టర్
మా అమ్మమ్మ కూడా అడ్డచుట్టే, కాబట్టి ఆ అలవాటు ఎంత గట్టిదో నాకు తెలుసు. ఆవిడని మానమనడం కష్టం. అరుగు మీద తాగి, నోరూ చేతులూ కడుక్కుని, పైచీర మార్చి బాబుని ఎత్తుకోమనండి. కాయిల్ తీసేసి దోమతెర కట్టండి. పొగకి చిన్నపిల్లల ఊపిరి గొట్టాలు వాస్తాయి, దగ్గు తెగదు.

చీపురుపల్లి_శీను
మా పాపకి పీసీవీ, అంటే న్యుమోనియా రాకుండా వేసే టీకా, ఒక డోసు తప్పిపోయింది అప్పట్లో. ఆ తర్వాత ఆసుపత్రిలో అడిగారు. మీ కార్డు ఒకసారి తీసి చూసుకోండి. ప్రభుత్వంలో ఉచితమే, ఒకటిన్నర నెలకి, మూడున్నర నెలలకి, తొమ్మిది నెలలకి. నేను కార్డు బీరువాలో పెట్టి మర్చిపోయాను.

సోంపేట_నాన్న
ఇంకో మాట. జ్వరం ఐదు రోజులు దాటితే జలుబు అని కూర్చోకండి. మా మేనల్లుడికి చంకలో చిన్న నల్ల పొక్కు, కాలినట్టు. ఎవరూ చూడలేదు. స్నానం చేయిస్తుంటే మా చెల్లి చూసింది. స్క్రబ్ టైఫస్ అని తేలింది, పొలాల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల. సరైన మందు పడగానే రెండు రోజుల్లో జ్వరం దిగింది. చంకలు, తొడల మధ్య, చెవి వెనక చూడండి.

నాగావళి_అమ్మ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మీ అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం చదివి, అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. ఊపిరి నిమిషానికి 30, ఛాతీ శుభ్రంగా ఉంది. జలుబులు వయసు వల్ల, బడి వల్ల అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు. టానిక్ పేరు అడిగితే అవసరం లేదన్నారు. రక్తపరీక్ష ఒక్కటే, హిమోగ్లోబిన్ 9.6. లక్ష్మీ, నువ్వు అడగకపోతే నేను పాల సంగతి చెప్పేదాన్నే కాదు.

ఐరన్ చుక్కలు రాశారు. బాటిల్ తీసేశాం. మొదటి మూడు రాత్రులు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు, నేనూ ఏడ్చాను. పాలు రెండు గ్లాసులకి దించాం. నాలుగో రోజు పప్పన్నం అడిగాడు. ఇంట్లో దోమతెర కట్టాం. అమ్మమ్మగారు అరుగు మీదకి మారారు, చీర మార్చుకునే వస్తున్నారు. దగ్గు ఇంకా ఉంది, కానీ రాత్రి లేవడం లేదు. మా ఆయన నైట్ డ్యూటీలో ఉంటే ఫోన్లో అడుగుతున్నారు, "ఎంత వచ్చింది లెక్క?" అని.

బొబ్బిలి_మామ్మ
చోడి (రాగి) జావలో బెల్లం వేసి ఇవ్వు తల్లీ. గుడ్డు పెట్టు, తోటకూర పప్పులో కలుపు. ఇందులో ఎవరూ కాదనరు.

పార్వతీపురం_సిస్టర్
ఎవరూ కాదనం మామ్మగారూ. పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము ఇంకా బాగా ఒంటికి పడుతుంది.

నాగావళి_అమ్మ
ఒక్క డౌట్ సిస్టర్. ఐరన్ మొదలుపెట్టాక విరేచనం నల్లగా వస్తోంది. అత్తయ్యగారు కంగారుపడుతున్నారు.

పార్వతీపురం_సిస్టర్
అది ఐరన్ వల్లే, భయం లేదు. చుక్కలు పాలతో కలిపి ఇవ్వకండి, టీ అసలే వద్దు. భోజనానికి గంట ముందు, నాలుక వెనక్కి వేసి నీళ్లు తాగించండి, పళ్లకి మరక పడదు. కడుపులో వికారం అంటే తిన్న తర్వాత ఇవ్వండి. నెల తర్వాత హిమోగ్లోబిన్ చూపించి, ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి.